స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లిష్ గ్రామర్ చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇది: డాలస్ దగ్గర ఒక లైబ్రరీలో స్పానిష్ మాట్లాడే పెద్దవాళ్ళకి వాలంటీర్‌గా ఇంగ్లిష్ చెప్పబోతున్నారు. వారానికి గంటన్నర చొప్పున 12 వారాలు. మీకు స్పానిష్ రాదు. మన స్కూళ్ళలో లాగా నౌన్, ప్రొనౌన్‌తో మొదలుపెట్టి టెన్సులు, వాయిస్ దాకా వెళ్ళాలా, వేరే వరస ఏదైనా ఉందా అని అడిగారు.

ఆ వరస వద్దు. మీకున్నది మొత్తం 18 గంటలు. స్పానిష్, ఇంగ్లిష్ ఎక్కడ విడిపోతాయో అక్కడే ఆ గంటలు పెట్టండి, రెండూ ఒకేలా నడిచే చోట అసలు ఆగకండి. ముందు పట్టుకోవలసినవి ఇవి: కర్త లేకుండా వాక్యం మొదలుపెట్టకపోవడం; డూ, డజ్, డిడ్; హ్యావ్ కాకుండా బీ (యామ్, ఈజ్, ఆర్) రావలసిన చోట్లు; హీ, షీ తర్వాత క్రియకి చేరే ఎస్, దానితోపాటే హిజ్, హర్; ఆ తర్వాత ద; ఇన్, ఆన్, ఎట్. వీటికే ఎనిమిది వారాలు పోతాయి. మిగిలిన నాలుగు వారాలు ఫర్, సిన్స్, అగోలకీ కొన్ని చిల్లర విషయాలకీ సరిపోతాయి.

తెలుగువాళ్ళు ఈ క్లాసు చెప్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. మనం మన తప్పులు దిద్దుకుంటూ ఇంగ్లిష్ నేర్చుకున్నాం, అదే పాఠం వాళ్ళకీ చెప్పేస్తాం. మనకి ఆర్టికల్స్ లేవు కాబట్టి "ద పెట్టడం మర్చిపోకండి" అని మనకి నూరిపోశారు. వాళ్ళ బాధ సరిగ్గా తలకిందులు, అక్కర్లేని చోట కూడా ద పెడతారు. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అనేది మన తప్పు, వాళ్ళు సాధారణంగా అలా అనరు. దాని మీద అరగంట పాఠం చెబితే ఆ అరగంట దండగ.

కర్త సంగతి, మొదటి రెండు వారాలు

స్పానిష్ క్రియ చివర చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది. త్రబాహో అంటే పనిచేస్తాను, త్రబాహాస్ అంటే పనిచేస్తావు, త్రబాహామోస్ అంటే పనిచేస్తాం. అచ్చం తెలుగులాగే నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు. ఆ అలవాటుతోనే "ఈజ్ ఇంపార్టెంట్", "ఈజ్ రెయినింగ్" వస్తాయి.

ఈ తప్పు అన్ని చోట్లా ఒకేలా రాదు. మొదటి వాక్యంలో కర్త చక్కగా పెడతారు, రెండో వాక్యంలో జారిపోతుంది: "మై బ్రదర్ లివ్స్ ఇన్ మాంటెరే. ఈజ్ మెకానిక్." ఎవరి గురించో చెప్పేశాం కదా, మళ్ళీ ఎందుకు అనేది వాళ్ళ లెక్క. బికాజ్, వెన్, ఇఫ్ తర్వాత కూడా ఇదే కథ: "ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ వాజ్ సిక్." కాబట్టి ఒంటరి వాక్యాలతో అభ్యాసం చేయిస్తే అందరికీ వచ్చేసినట్టే కనిపిస్తుంది, అది భ్రమ. ఒకే మనిషి గురించి వరసగా నాలుగు వాక్యాలు చెప్పించండి. రెండోది, మూడోది వినండి.

"ఇట్ ఈజ్ రెయినింగ్"లో ఇట్ ఎవరు అని అడుగుతారు. ఎవరూ కాదు, ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదంతే అని చెప్పండి. అంతకుమించి వివరణ ఉన్నా పనికిరాదు. దిద్దడానికి వేళ్ళు వాడండి. మూడు వేళ్ళు చూపించి, ఒక్కో వేలు ఒక్కో పదంగా ఇట్, ఈజ్, రెయినింగ్ అని లెక్కపెట్టండి. ఎవరైనా "ఈజ్ రెయినింగ్" అనగానే ఏమీ మాట్లాడకుండా మొదటి వేలు తట్టి చూపండి, వాళ్ళే సరిచేసుకుంటారు. రెండు క్లాసులు గడిచాక మీరు చేయి ఎత్తితే చాలు. ఉపన్యాసం కంటే ఇది చాలా త్వరగా పని చేస్తుంది.

దీనికి జంటగా దేర్ ఈజ్, దేర్ ఆర్ చెప్పండి. స్పానిష్‌లో ఒకటున్నా పదున్నా ఆయ్ అనే ఒక్క మాటే, అందులో కర్త కూడా ఉండదు. అందుకే "హ్యావ్ మెనీ పీపుల్", "ఈజ్ ఎ ప్రాబ్లమ్ ఇన్ ద కిచెన్" వినిపిస్తాయి. వంటగదుల్లో, కట్టడాల దగ్గర పనిచేసేవాళ్ళకి ఈ వాక్యం రోజూ కావాలి, కాబట్టి ఉదాహరణలు అక్కడినుంచే తీసుకోండి: లీకేజీ ఉంది, రెండు పెట్టెలు తక్కువున్నాయి, తలుపు దగ్గర ఎవరో ఉన్నారు.

డూ, డజ్, డిడ్

ఎక్కువ సమయం దీనికే పెట్టాలి. రెండు వారాలు పూర్తిగా ఇచ్చి, తర్వాత ప్రతి క్లాసులోనూ పది నిమిషాలు మళ్ళీ తిప్పండి.

స్పానిష్‌లో అవును కాదు తరహా ప్రశ్నకి గొంతు పైకి లేపితే చాలు. వ్యతిరేకానికి క్రియ ముందు నో పెడితే చాలు. సహాయక క్రియ అనే గొడవే లేదు. ఫలితం: "యూ వర్క్ హియర్?", "ఐ నో హ్యావ్ కార్." ఒక చిట్కా వాళ్ళకి బాగా అతుకుతుంది. స్పానిష్ రాతలో ప్రశ్నకి ముందే ఒక తలకిందుల ప్రశ్న గుర్తు పెడతారు కదా, వినేవాడికి ఇంగ్లిష్‌లో ఆ పని డూ చేస్తుందని బోర్డు మీద రాసి చూపండి.

తర్వాతి మెట్టు మీద ఇంకో తప్పు పుడుతుంది: "డిడ్ యూ వెంట్?", "షీ డజ్ నాట్ వర్క్స్." ఇది నిర్లక్ష్యం కాదు. స్పానిష్‌లో కాలం, మనిషి రెండూ క్రియ మీదే ఉంటాయి, క్రియని బోడిగా వదలడం వాళ్ళకి అసంపూర్తిగా అనిపిస్తుంది. గతకాలం గుర్తు వాక్యంలో ఒక్కచోటే ఉంటుంది, డిడ్ దాన్ని ముందే తీసేసుకుంది అని చెప్పి, వెంట్ అన్న మాటని బోర్డు మీద రాసి, అందులోంచి బాణం గీసి డిడ్ దాకా లాగి, వెంట్‌ని కొట్టేసి గో అని రాయండి. వర్క్స్‌లోని ఎస్‌ని డజ్ లాగేసుకోవడం కూడా ఇలాగే గీసి చూపవచ్చు. డజ్ చివర ఎస్ కంటికి కనిపిస్తుంది కాబట్టి ఇది త్వరగా ఎక్కుతుంది.

"హూ వర్క్స్ హియర్?"లో డూ ఎందుకు లేదని ఎవరైనా తెలివైనవాళ్ళు అడుగుతారు. పదో వారం దాకా ఆ తలుపు తెరవకండి.

క్యాన్, మస్ట్ ఇక్కడే కలిపేయండి. "క్యాన్ టు గో" అంటుంటారు. స్పానిష్‌లో ఆ చోట టు లాంటిదేమీ లేదు, వాంట్ టు, నీడ్ టు నేర్చుకున్న ఊపులో క్యాన్‌కీ తగిలిస్తారు. చెబితే పోయే తప్పే.

బీ రావలసిన చోట హ్యావ్

వయసు, ఆకలి, చలి, భయం, నిద్ర, తొందర, ఆఖరికి "నేను చెప్పిందే నిజం" అనడం కూడా స్పానిష్‌లో తెంగో అనే మాటతో, అంటే "నాకు ఉంది" అనే క్రియతో చెబుతారు. తెంగో ఆంబ్రే అంటే ఆకలేస్తోంది. దాన్నుంచి "ఐ హ్యావ్ హంగర్", "ఐ హ్యావ్ 40 ఇయర్స్" పుడతాయి. సూత్రం చెప్పకండి, ఎనిమిది వాక్యాల పట్టీ ఇచ్చి బట్టీ పట్టించండి. ఐ యామ్ హంగ్రీ, థర్స్టీ, కోల్డ్, హాట్, స్లీపీ, ఎఫ్రెయిడ్, రైట్, చివరిది వయసు. ఒక్క గంట పని.

మనకి ఒక లాభం ఉంది. ఇష్టాన్నీ నొప్పినీ వాళ్ళు కూడా మనలాగే "నాకు" అనే పద్ధతిలో చెబుతారు. మె గుస్తా ఎల్ కఫే అంటే నాకు కాఫీ ఇష్టం. మె దుయెలె లా కబేసా అంటే నాకు తల నొప్పెడుతోంది. అందుకే కొత్తవాళ్ళు "మీ హర్ట్స్ ద హెడ్" అంటే మీకు వెంటనే అర్థమవుతుంది, ఒక అమెరికన్ టీచరుకి ఒక క్షణం పడుతుంది. పైగా "ద హెడ్" అనడం కూడా వాళ్ళ పద్ధతే, శరీర భాగాలకి మై, యువర్ పెట్టరు. "వాష్ ద హ్యాండ్స్" వినిపిస్తే కారణం అదే.

ఎస్, హిజ్, హర్

ఆరు రూపాలున్న క్రియలు చిన్నప్పటినుంచీ వాడినవాళ్ళకి ఒక్క ఎస్ ఎందుకు కష్టం? సగం కారణం గ్రామర్ కాదు, ఉచ్చారణ. క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా, కొలంబియా తీరప్రాంతాల్లో స్పానిష్‌లోనే పదం చివరి స్ బలహీనంగా పలుకుతారు, చాలాసార్లు మింగేస్తారు. కాబట్టి ముందు రాయించి చూడండి. రాతలో ఎస్ ఉండి మాటలో లేకపోతే నియమం మళ్ళీ చెప్పడం దండగ, నోటికి పని చెప్పాలి. అచ్చుతో మొదలయ్యే మాటకి కలిపి పలికించండి: "వర్క్స్ ఇన్" అనేదాన్ని "వర్క్ సిన్" అన్నట్టుగా, "లివ్స్ ఇన్" అనేదాన్ని "లివ్ జిన్" అన్నట్టుగా. ఎస్ పక్క పదానికి అంటుకుంటే నాలుకకి సులువు.

హిజ్, హర్ దగ్గర మనకి అసలు ఆశ్చర్యంగా ఉంటుంది. మరియా తమ్ముడు అనాలంటే "హిజ్ బ్రదర్" అంటారు, హువాన్ చెల్లెలు అనాలంటే "హర్ సిస్టర్" అంటారు. అతని, ఆమె అని మనం విడివిడిగా అనేస్తాం కాబట్టి ఇదెలా తప్పుతుందో మనకి అందదు. స్పానిష్‌లో అతని, ఆమె, వాళ్ళ, గౌరవంగా మీ, వీటన్నిటికీ సు ఒక్కటే. మన అనే అర్థంలో వచ్చే నుయెస్త్రో, నుయెస్త్రా అయితే వెనకవచ్చే వస్తువు లింగాన్ని బట్టి మారుతాయి, సొంతదారుణ్ణి బట్టి కాదు. అదే లెక్క ఇక్కడ వేసుకుంటారు. ఒక కుటుంబ వృక్షం గీసి, ప్రతిసారీ వేలు తమ్ముడి మీద కాకుండా మరియా మీద పెట్టి "హూజ్?" అని అడగండి. చూపు సొంతదారు వైపు తిప్పడమే ఈ పాఠమంతా.

కుటుంబం ఎత్తారు కాబట్టి ఇంకోటి. "ఐ హ్యావ్ ఫోర్ బ్రదర్స్" అంటే నలుగురూ మగవాళ్ళే అనుకోకండి. ఎర్మానోస్ అంటే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిపి. "మై ఫాదర్స్" అంటే అమ్మానాన్నలు.

ద ఎక్కువ, ఎ తక్కువ

సామాన్యంగా ఒక విషయం గురించి మాట్లాడేటప్పుడు కూడా స్పానిష్‌కి ఆర్టికల్ కావాలి. లా వీదా ఎస్ దూరా, బతుకు కష్టం. అది "ద లైఫ్ ఈజ్ హార్డ్" అవుతుంది. "ఐ లైక్ ద కాఫీ", "ద నెక్స్ట్ వీక్", "ద మిస్టర్ గార్సియా", "ఐ గో టు ద వర్క్", ఇవన్నీ ఆ కుటుంబమే. వృత్తి దగ్గరకి వచ్చేసరికి మాత్రం వాళ్ళకి ఆర్టికల్ లేదు, "ఐ యామ్ మెకానిక్" అంటారు. ఉన్ అనే మాటే ఒకటి అనే అర్థానికీ, ఎ అనే అర్థానికీ వస్తుంది కాబట్టి "ఐ హ్యావ్ వన్ కార్" కూడా వస్తుంది.

ఇక్కడ మూడే ముక్కలు చెప్పండి: కాఫీ, పిల్లలు, బతుకు లాంటివి మొత్తంగా మాట్లాడితే ద తీసెయ్; ఉద్యోగానికి ఎ పెట్టు; రోజులకీ మిస్టర్‌కీ ద వద్దు. మన సొంత ఇంగ్లిష్‌లో ఆర్టికల్స్ అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది కాబట్టి, ఈ క్లాసుకి మాత్రం ఉదాహరణ వాక్యాలు ముందే రాసుకుని వెళ్ళండి. నోటికొచ్చినట్టు బోర్డు మీద కల్పించకండి.

ఇన్, ఆన్, ఎట్

మూడింటికీ స్పానిష్‌లో చాలాచోట్ల ఎన్ ఒక్కటే. "ఇన్ ద టేబుల్" అంటే బల్ల మీద అనే అర్థం. అందరికీ పనికొచ్చే పాఠం అడ్రసు చెప్పడం: ఇన్ డాలస్, ఆన్ మెయిన్ స్ట్రీట్, ఎట్ 1200 మెయిన్ స్ట్రీట్. ఊరు, వీధి, నంబరు. దీనికి సరిజోడుగా కాలం: ఇన్ జులై, ఆన్ మండే, ఎట్ సెవెన్. పెద్దదానినుంచి చిన్నదానికి దిగుతున్నామని రెండు పట్టికలూ పక్కపక్కన పెడితే వాళ్ళే కనిపెడతారు. బస్సుకి ఆన్, కారుకి ఇన్ అనేది అలాగే గుర్తుపెట్టుకోమనండి.

క్రియలతో అంటుకునేవి విడిగా నేర్పాలి. దెపెందె దె నుంచి "డిపెండ్స్ ఆఫ్", కసాదో కోన్ నుంచి "మ్యారీడ్ విత్", పెన్సార్ ఎన్ నుంచి "థింక్ ఇన్" వస్తాయి. ఒక్కో క్లాసుకి రెండు చాలు.

చివరి నాలుగు వారాలు

ముందు ఫర్, సిన్స్, అగో. ఇక్కడ మీరూ జాగ్రత్త, ఎందుకంటే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అని మనవాళ్ళు కూడా ధారాళంగా అంటారు. ఆసే త్రెస్ ఆన్యోస్ అంటే సందర్భాన్ని బట్టి మూడేళ్ళ క్రితం అనీ, మూడేళ్ళుగా అనీ అర్థం. అందుకే "ఐ వర్క్ హియర్ త్రీ ఇయర్స్ అగో" అంటారు, విన్న మేనేజరు ఈయన మానేశాడనుకుంటాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇది నిజంగా నష్టం చేసే తప్పు. ఒక గీత గీసి, క్రితం అంటే గీత మీద ఒక చుక్క, ఫర్ అంటే గీత పొడవు, సిన్స్ అంటే గీత మొదలైన చోటు అని చూపండి. "ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్" అనే ఒక్క వాక్యం ఎవరి వివరాలతో వాళ్ళు పెట్టుకుని తడుముకోకుండా చెప్పగలిగితే చాలు. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ మొత్తం చెప్పబోకండి. మీ క్లాసులో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే "ఐ హ్యావ్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్ ఎట్ ఎయిట్" అంటారు, అక్కడి వాడుక అలాంటిది. మెక్సికోవాళ్ళు ఆ చోట మామూలు గతకాలమే వాడతారు కాబట్టి వాళ్ళకి ఆ ఇబ్బంది తక్కువ.

మిగతావి ఒక్కోటి పదిహేను నిమిషాల్లో అయిపోతాయి:

"ఐ వాంట్ దట్ యూ కమ్" కాదు, "ఐ వాంట్ యూ టు కమ్."
"బిఫోర్ టు గో", "ఫర్ టు వర్క్" కాదు, "బిఫోర్ గోయింగ్", "టు వర్క్."
"ఐ లైక్ వెరీ మచ్ ద కాఫీ" కాదు, వెరీ మచ్ చివరికి.
"పీపుల్ ఈజ్" కాదు. వాళ్ళ భాషలో జనం ఏకవచనం.
"మోర్ బిగ్" కాదు, "బిగ్గర్." "డిఫరెంట్స్ కలర్స్" కాదు, "డిఫరెంట్ కలర్స్." విశేషణానికి బహువచనం వాళ్ళకి తప్పనిసరి, ఇంగ్లిష్‌లో లేదు.
"ఎక్స్‌ప్లెయిన్ మీ", "సే మీ." టు ఎక్కడ కావాలో చెప్పండి.
"ఐ డిడ్ నాట్ సీ నథింగ్." స్పానిష్‌లో రెండు కాదులు కలిసినా కాదే.
"ఐ కాల్ యూ టుమారో." మాట ఇచ్చేటప్పుడు విల్ కావాలి.

నౌన్ అంటే ఏమిటి, యాక్టివ్‌ని ప్యాసివ్‌లోకి మార్చడం, డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్ చెయ్యడం, ఇవేవీ వద్దు. కాలాల భావన వాళ్ళకి ఇంగ్లిష్ కంటే గట్టిగానే ఉంది. పెద్ద పదాలకీ భయపడకండి: సియోన్‌తో ముగిసేవి షన్ అవుతాయి, దాద్‌తో ముగిసేవి టీ అవుతాయి, మెంతెతో ముగిసేవి లీ అవుతాయి. నాసియోన్ నేషన్, ఉనివెర్సిదాద్ యూనివర్సిటీ. ఈ మూడూ చెబితే వందల మాటలు ఊరికే చేతికొస్తాయి. మోసం చేసే మాటలూ ఉన్నాయి. మీరు చెప్పేది లైబ్రరీలో కదా, లిబ్రెరీయా అంటే పుస్తకాల షాపు, లైబ్రరీని బిబ్లియోతేకా అంటారు. మొదటి రోజే తేల్చేయండి.

గంటన్నరని ఇలా వాడండి: పది నిమిషాలు పాతది, ఇరవై కొత్త పాయింటు ఒక్కటే, నలభై జంటలుగా మాట్లాడటం, పది రాయడం, చివరి పది తప్పులు బోర్డు మీద. మాట్లాడే నలభై నిమిషాల్లో ఆ రోజు పాయింటు తప్ప మిగతా తప్పులు వదిలేయండి. అన్నీ దిద్దితే రోజంతా పనిచేసి అలసిపోయి వచ్చిన మనిషి నోరు మూసుకుంటాడు. మిమ్మల్ని పేరుతో కాకుండా "టీచర్" అని పిలుస్తారు, మనం మాస్టారూ అన్నట్టే. అది మర్యాద, అమెరికన్ పద్ధతి కాదని దిద్దబోకండి.

రెండు హెచ్చరికలు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళలో కొందరికి స్పానిష్ కూడా రెండో భాషే, ఇంట్లో మామ్, కిచే లాంటి మాయా భాషలు మాట్లాడతారు. పైన చెప్పిన కారణాలు వాళ్ళకి సగమే వర్తిస్తాయి, స్పానిష్ చదవడం కూడా రాకపోవచ్చు, కాబట్టి కాగితాల మీద ఆధారపడకండి. ఇంకొకటి, పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నవాళ్ళు "ఐ నో హ్యావ్" అనే గడగడా మాట్లాడతారు. వాళ్ళకి నియమం కొత్తేమీ కాదు. వాళ్ళు రోజూ అనే పది వాక్యాలు తీసుకుని, సరైన రూపంలో మళ్ళీ మళ్ళీ చెప్పించడమే మార్గం.

ఎవరు ఎక్కడున్నారో తెలియాలంటే మొదటి రోజు పుస్తకం తెరవకుండా ఒక్కొక్కరినీ ఐదు అడగండి: వయసెంత, బయట వాతావరణం ఎలా ఉంది, మీ అన్నో అక్కో ఎక్కడ ఏం చేస్తారు, ఆదివారం ఏం చేశారు, ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉన్నారు. తర్వాత మిమ్మల్ని మూడు ప్రశ్నలు అడగమనండి. వాళ్ళు అన్నది అన్నట్టే, దిద్దకుండా కాగితం మీద రాసుకోండి. పైన చెప్పిన తప్పుల్లో ముఖ్యమైనవన్నీ ఆ కాగితం మీదే దొరుకుతాయి, సగం మందికి పైగా చేసిన తప్పుతో మొదటి వారం మొదలుపెట్టండి. అది నా వరసతో కలవకపోతే నా వరస పక్కన పెట్టేయండి.